సాంచెలు ఆగిన పొద్దు నా వకాల్తా

ఆ రోజుల్ల మూతికి మాస్కు, ఫోన్‌కు మ్యూటు, రెండూ తీసే ధైర్యం నాకు లేకుండె. మాస్కు కరోనాకు భయపడి, మ్యూటు సాంచెలకు భయపడి. (మరమగ్గాలను మా దిక్కు సాంచెలంటరు.) సూరత్‌ల, ఉధ్నా అనే పేటల, సాంచెల కార్ఖానా మీదనే మా రూం. సాంచెలు నడుస్తుంటే అవ్వ బోర్లించిన గిన్నెలు గూడ తలలూపుతయ్. నేనేమో ప్రైవేటు యూనివర్సిటీల లా మొదటి సంవత్సరం. కాలేజీ గేటు నేను చూడకముందే కాలేజీయే నా ఫోన్‌లకొచ్చి కూసున్నది. అక్కడ చదివినోళ్లు హైకోర్టు మెట్ల మీద నల్లకోట్లేసుకొని దిగిన ఫోటోలు చూసి చూసి నాకు కలల గూడ కోటే. కానీ క్లాసుల నోరు తెరిస్తే అందరికీ ధడధడ ఇనవడుతది. అందుకే తెరవలే. మా దోస్తులు నాకు 'మ్యూట్ మేడం' అని పేరు పెట్టిండ్రు.

గసొంటి నాకు మూట్ కోర్టు టీంల చేరాలని పిచ్చి! ఉత్తుత్తి కేసు, ఉత్తుత్తి జడ్జి, వాదన మాత్రం నిజం. ఎంపిక ఆన్‌లైన్‌ల. ఆ పొద్దు గూడ నోరు తెరవకుంటే ఇగ ఆ టీం మీద ఆశ వదులుకోవాల్సిందే. సంగతి చెప్తే, కింద సాంచెలు నడిపే బాపు లుంగీ ఎగ్గట్టి కార్ఖానా శేఠ్ దగ్గరికి ఉరికిండు. "శేఠ్, మా బిడ్డ కోర్టుల మాట్లాడుతది, జర సాంచెలు బంద్ పెట్టుండ్రి." ఉత్తుత్తి కోర్టని చెప్పుడు బాపు మరిచిండు. శేఠ్ బెదిరిపోయి, "కోర్ట్ కా మామ్లా? అరే, బంద్ కరో భాయ్!" అన్నడు.

సాంచెలు ఆగినయ్. నా గుండె కొట్టుకునుడు నాకే ఇనవడ్డది. "మై లార్డ్!" అని మొదలుపెట్టిన. స్క్రీన్ మీద జడ్జి ఉలిక్కిపడి హెడ్‌ఫోన్ పీకి అవతల పెట్టిండు. (సాంచెల నడుమ పెరిగినోళ్లం. మాకు మెల్లగ మాట్లాడుడంటే గదే.) నా కేసుల, లాక్‌డౌన్‌ల కిరాయిదారును ఓనరు ఎల్లగొట్టిండు. నేను వాన్ని కాపాడాలె. కాగితం చూసుకుంట గడగడ చదువుతున్న.

మేం సోచాయించని సంగతొకటున్నది. మా గల్లీల పట్టపగలు సాంచెలు ఆగినయంటే ఒక్కటే అర్థం, మళ్ల లాక్‌డౌన్! కింద కార్ఖానా ఆగంగనే, ఏమైందోనని పక్క కార్ఖానాలు గూడ ఆగినయ్. పోయినసారి ఊరికి బండ్లు దొరక్క అందరం గోస పడ్డం. ఈసారి ముందుగాల్నే పోవాలని రేడియో కాక (గల్లీ వార్తలన్నీ ఆయన నోట్లనే పుడతయ్) బ్యాగు నెత్తిన పెట్టుకొని మా తలుపు తోసిండు. ఆయనెనుక గల్లీకి గల్లీ, మూటలతోని.

"బిడ్డా, లాయర్ సదువుతున్నవ్ గద! మళ్ల బంద్ అయిందా ఏంది? ఓనరు రూం ఖాళీ చెయ్యమంటడా?"

మైకు తెరిచే ఉన్నది! కోపం, ఏడుపు ఒక్కపారే వచ్చినయ్. "లాక్‌డౌన్ లేదు, ఏం లేదు కాకా! నా పరీక్ష కోసం బాపు ఆపించిండు! ఓనరు ఎట్ల ఎల్లగొడ్తడు? నోటీసేది? చెప్పకుండ, అడగకుండ రోడ్డు మీద పడేస్తడా? నేను లేనా?" తెలుగు, హిందీ, గుజరాతీ కలిపి కొట్టిన.

అయిపోయింది నా బతుకు అనుకుంట స్క్రీన్ దిక్కు తిరిగిన. జడ్జి ముందుకొంగి చూస్తున్నడు. "ఇంతసేపు మీరు కాగితం చదివారు. ఇప్పుడు వాళ్లతో మాట్లాడినట్టే నాతో మాట్లాడండి" అన్నడు ఇంగ్లీషుల.

ఇగ చూడు! కాగితం అవతల పడేసిన. రేడియో కాక ముఖం చూసుకుంట వాదించిన. నా ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం గాకున్నా, అందరూ తలుపు దగ్గర మూటల మీద కూసొని, నేను గొంతు పెంచినప్పుడల్లా నిజమేనన్నట్టు "సహీ బాత్!" అంటున్నరు. ఎవ్వరూ పనికి పోలే.

నేను "థాంక్యూ" అనంగనే బాపు సంబురంగ కిందికి చెయ్యూపిండు. ధడధడ సాంచెలు షురూ! జడ్జి అప్పుడే ఫలితం చెప్తున్నడు, ఒక్క మాట ఇనరాదు! అయితేంది, సాంచెల చప్పుడుల పెదవులు చూసి మాట పట్టుకునుడు మా ఇంట్ల అందరికీ వచ్చు. కళ్లు పెద్దగ చేసి చూసిన. సెలెక్టెడ్! బాపు తలుపు కాన్నుంచి చేత్తోనే 'ఏమైంది?' అన్నడు. పోగు తెగకుండ సాంచె నడుస్తున్నదని చెప్పే సైగ ఒకటున్నది మాకు, అదే చేసిన. బాపు తువ్వాలతో ముఖం కప్పుకున్నడు.

ఇప్పుడు నిజం కోటేసుకొని నిజం కోర్టుల నిలవడుతున్న. హాలంతా సప్పుడు లేకుంటే నా గొంతు దానంతటదే పెద్దగైతది. "మేడం, మెల్లగ" అంటరు జడ్జిగారు. సారీ చెప్పి, లోపల ఆ మ్యూట్ మేడంను తలుచుకొని నవ్వుకుంట. పిచ్చిదానా, నువ్వు నోరు తెరిచిన పొద్దు గల్లీకి గల్లీ మూటల మీద కూసొని ఇన్నది. ఇప్పుడు నా వాదన అయిపోంగనే ఎనుక బెంచీలు చూస్త, "సహీ బాత్" అనేటోళ్లు ఒక్కరూ ఉండరు.