దసరాకు కొన్న పిస్తోలు

జర్మనీలోని మన తెలుగు సంఘం పత్రికలో ఉద్యోగ అనుభవాల శీర్షిక మొదలై నాలుగేళ్లయింది. డాక్టర్లు రాశారు, సాఫ్ట్‌వేర్ వాళ్లు రాశారు, కిటాలో, అంటే ఇక్కడి శిశు సంరక్షణ కేంద్రంలో, పిల్లల్ని చూసుకునే ఒకావిడ రెండుసార్లు రాశారు. నేను మూడుసార్లు పంపాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి ‘పరిశీలిస్తున్నాం’ అన్నారు. మూడోది అందిందో లేదో కూడా చెప్పలేదు. పైగా ఉగాది సభలో నన్ను పరిచయం చేస్తూ సంపాదకులు, “వీరు ఆటసామాన్ల వ్యాపారంలో ఉన్నారు” అన్నారు. నేను పనిచేసేది తుపాకుల కొట్టులో. ఆ మాట అనడానికి ఆయనకు నోరెందుకు రాలేదో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. ఇది నాలుగోసారి పంపుతున్నాను.

2023లో, దసరాకు మూడు వారాల ముందు జరిగింది ఇది. మా కొట్టు హానోవర్‌లో ఉంది. నేను కెమ్నిట్జ్‌లో ప్రొడక్షన్ ఇంజనీరింగ్ చదివాను. తోటివాళ్లంతా కార్ల కంపెనీలకు వెళితే నేను ఈ కొట్టు వెనకగదిలో రిపేరు బల్ల దగ్గర చేరాను. యజమానిని మేమంతా మైస్టర్ అంటాం. ఈ దేశంలో పని నేర్చుకుని పెద్ద పరీక్ష నెగ్గినవాణ్ని అలా పిలుస్తారు. ఐదేళ్లపాటు ఆయన నన్ను ముందుగదిలోకి, అందులోనూ పిస్తోళ్ల కౌంటరు దగ్గరికి రానివ్వలేదు. ‘నీ చెయ్యి మంచిది, బల్ల దగ్గరే ఉండు’ అనేవాడు. అది మెచ్చుకోలో మరొకటో నాకు తెలిసేది కాదు.

ఆ శనివారం ఆయనే వెనక్కి వచ్చి షోకేసు తాళంచెవి నా చేతిలో పెట్టాడు. “మీవాళ్లు వచ్చారు. నిన్నే అడుగుతున్నారు. నువ్వే చూపించు. కానీ నువ్వు ఎంచి ఇచ్చిన దానికి పూచీ నీదే” అన్నాడు. వస్తువు మంచిదైతే కౌంటరు ఇక నాదేనని కూడా అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు. ఆయన మరిచిపోయాడు.

వచ్చినాయన పేరు కిరణ్ అనుకోండి. పేరు, మరికొన్ని గుర్తులు మార్చాను. నిజామాబాద్ వైపు మనిషి, ఐటీలో ఉద్యోగం, ఇక్కడికి వచ్చి ఏడేళ్లు. పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకుని ఉన్నారు. భార్య స్వప్న గారితో కలిసి వచ్చారు, చంకలో ల్యాప్‌టాప్.

ఇక్కడ డబ్బుంటే చాలు పిస్తోలు ఇస్తారనుకునేవాళ్ల కోసం ఒక మాట. కనీసం ఏడాదిపాటు షూటింగ్ క్లబ్‌లో సభ్యుడిగా ఉండి క్రమంగా కాల్చాలి, పరీక్ష రాయాలి. ఆ తరువాత అమ్ట్ వాళ్లు, అంటే ఆయుధాల అనుమతులు చూసే ప్రభుత్వ కార్యాలయం వాళ్లు, ఆయుధ కార్డులో ‘సెమీ ఆటోమేటిక్ పిస్తోలు, తొమ్మిది మిల్లీమీటర్లు’ అని ముందుగా ఒక పద్దు రాసిస్తారు. ఆ పద్దు చూశాకే మేం అమ్ముతాం. సెమీ ఆటోమేటిక్ అంటే ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒకే తూటా పేలుతుంది, తరువాతి తూటా మ్యాగజైన్ అనే తూటాల పెట్టెలోంచి దానంతటదే ఎక్కుతుంది. ఫుల్ సైజు అంటే అరచెయ్యి మొత్తం పట్టేంత పిడి, పొడుగు గొట్టం ఉన్నది. గురిచూసి కాల్చే ఆటకు అదే అనువు.

కిరణ్ గారు ల్యాప్‌టాప్ తెరిచారు. పద్నాలుగు పిస్తోళ్లు, ఒక్కోదానికి తొమ్మిది అంశాల మీద మార్కులు.

“అన్నా, మ్యాగజైన్ల పదిహేడు పట్టేదానికి ఎక్కువ మార్కులేసిన. కరెక్టేనా?”

“మీ క్లబ్బులో ఒక దఫాకి ఎన్ని వేస్తారండి?”

“ఐదు.”

“మరి మిగతా పన్నెండూ దేనికండి?”

ఆయన ఆ వరుస మొత్తం కొట్టేశారు. స్వప్న గారు షోకేసు వైపు చూస్తూ, “అన్నీ నల్లయే ఉన్నయేందన్నా, వేరే కలర్ లేదా?” అని అడిగారు. అంతలో ఆవిడే, “పోనీలే, నల్లదాని మీదనే బొట్టు మంచిగ కనవడ్తది” అన్నారు. ఆ మాట నేను విన్నాను. నవ్వాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

పట్టిక పక్కన పెట్టించి, మూడు పిస్తోళ్లు ఖాళీగా ఉన్నాయని ఆయన కళ్ల ముందే సరిచూసి బల్ల మీద పెట్టాను. “కళ్లు మూసుకుని గోడమీద చుక్క వైపు ఎత్తండి. ఇప్పుడు తెరవండి. గురి చూసే సైటు ఎక్కడుంది?” మార్కుల్లో మొదటగా వచ్చిన కొత్త పిస్తోలు ఎడమకు తిరిగి ఉంది. పిడి లావు కావడంతో ట్రిగ్గర్ అందుకోవడానికి వేలు సాగదీస్తున్నారు, దాంతో చెయ్యి మెలిపడుతోంది. రెండోదీ అంతే. మూడోది ఉక్కు ఫ్రేము ఉన్న పాతది. ఒక ముసలాయన కంటిచూపు తగ్గి క్లబ్ మానేస్తూ మాకు అమ్మినది. కళ్లు తెరిచేసరికి సైటు చుక్క మీదే ఉంది.

“ఇదేందన్నా, గింత బరువున్నది?”

“ఆ బరువే మీకు లాభం. తూటా పేలినప్పుడు చెయ్యి ఎగరదు. గొట్టం నేనే చూశాను, అరగలేదు. విడిభాగాలు దొరుకుతాయి, రెండు మ్యాగజైన్లు అదనంగా వస్తాయి. ధర మీ పట్టికలో మొదటిదానికి సగం. మిగిలింది తూటాలకు పెట్టండి. పిస్తోలు ఒక్కసారే కొంటారు, తూటాలు వారం వారం కొనాలి.”

“సెకండ్ హ్యాండ్ అంటే మా క్లబ్బోళ్లు నవ్వుతరేమో.”

“గురి తప్పితే నవ్వుతారండి.”

“తీస్కోరాదు” అన్నారు స్వప్న గారు. “దసరాలోపల ఇంట్ల ఉండాలె. మళ్ల మంచి రోజు ఎప్పుడొస్తదో.”

పక్కనుంచి మైస్టర్ పిస్తోలు వైపు చూసి, “పాతదా? సరే” అన్నాడు.

అప్పగించేటప్పుడు కిరణ్ గారికి ఒక నియమం మూడుసార్లు చెప్పాను. స్లైడ్ అంటే పిస్తోలు పైభాగంలో వెనక్కీ ముందుకీ జరిగే ఉక్కు తొడుగు. సేఫ్‌లోంచి ఎప్పుడు తీసినా మ్యాగజైన్ బయటికి తీసేసి, స్లైడ్ వెనక్కి లాగి అక్కడే నిలబెట్టాలి. లోపల తూటా లేదని చూసినవాళ్లందరికీ తెలియాలి. “చూసినవాళ్లందరికీ” అన్నది అక్షరాలా నా మాటే.

దసరా వెళ్లిన వారానికి ఆయన తిరిగి వచ్చారు. ముఖం మాడ్చుకుని ఉన్నారు. క్లబ్బులో అందరి ముందూ మొదటి తూటా పేలిందట, ఆ తరువాత ట్రిగ్గర్ చచ్చిపడిందట. పర్యవేక్షించేవాడు ఖాళీ చేయించి పక్కన కూర్చోబెట్టాడట. మా దగ్గరికి రాకముందే ఆయన ఇంటర్నెట్‌లో మా కొట్టు పేజీలో ఒక్క నక్షత్రం ఇచ్చేసి, ‘తెలుగువాడని నమ్మితే పాత సామాను అంటగట్టాడు’ అని ఇంగ్లీషులో రాసి వచ్చారు. మైస్టర్ అది అచ్చువేసి నా బల్ల మీద పెట్టాడు.

విప్పి చూశాను. డిస్‌కనెక్టర్ అని ఒక చిన్న ఉక్కు ముక్క ఉంటుంది. ఒక తూటా పేలాక ట్రిగ్గర్‌ను తరువాతి తూటాకు మళ్లీ కలిపేది అదే. దాని కింద పచ్చగా ఏదో ఇరుక్కుని ఉంది. పట్టకారుతో తీశాను. మైస్టర్ భూతద్దం పెట్టుకుని చూశాడు.

“పురుగు గుడ్డా?”

గోటితో నొక్కాను. విరిగింది. లోపల తెల్లగా ఉంది. నూనె వాసనలోంచి పసుపు వాసన వచ్చింది. అక్షింత.

“బియ్యపు గింజ” అన్నాను.

“పిస్తోలులో బియ్యమా? ఎలా వచ్చింది?”

నాకు అంతా కళ్లకు కట్టింది. ఆయుధపూజ. పీట మీద పిస్తోలు, గంధం, కుంకుమ, చుట్టూ మనుషులు. నేను చెప్పినట్టే మ్యాగజైన్ తీసేసి, స్లైడ్ వెనక్కి లాగి నిలబెట్టారు. పైన నోరు తెరుచుకుని ఉంది. దాని మీద అక్షింతలు వేశారు. నా మాట వినకుండా స్లైడ్ మూసి ఉంచితే గింజలు జారి పీట మీద పడేవి. ఆయన విన్నారు.

మైస్టర్‌కు ఇదంతా చెబితే, తరువాతి ప్రశ్న ‘ఆ గదిలో ఎవరెవరు ఉన్నారు’ అని వస్తుంది. ఇంట్లో పిస్తోలు సేఫ్‌లో ఉండాలి, లేదా కార్డు ఉన్న మనిషి అదుపులో ఉండాలి. పదిమంది మధ్య పీట మీద పెట్టారన్న మాట అమ్ట్‌కు చేరితే కార్డు పోవచ్చు. నమ్మదగిన మనిషి కాదని రాస్తే పౌరసత్వం ఫైలుకూ అడ్డం పడవచ్చు. చెప్పకపోతే, నేను ఎంచిన పిస్తోలు పాడుది అయినట్టే.

“తెలియదు” అన్నాను. ఐదేళ్లలో ఒక లోపం గురించి నేను అలా అనడం అదే మొదటిసారి.

మైస్టర్ రిపేరు పుస్తకం తెరిచి ‘కారణం’ అన్న గడి ఖాళీగా వదిలేశాడు. “తెలిసినప్పుడు నువ్వే రాయి” అన్నాడు. సోమవారం నా తాళాల గుత్తిలో షోకేసు తాళంచెవి లేదు.

పిస్తోలు బాగుచేశాను, ఉచితంగానే. అప్పగించాక కిరణ్ గారికి ఫోన్ చేసి, లోపల అక్షింత దొరికిందని చెప్పాను.

“పూజకు ఎవరెవరున్నారండి?”

“మేమిద్దరమే అన్నా.”

“అక్షింతలు ఎవరు వేశారు?”

“గట్ల కాదన్నా, పెద్దోళ్లొచ్చిన్రు గదా, ఆశీర్వాదం అన్నట్టు...”

“అప్పుడు పిస్తోలు బయటే ఉందా?”

“లోపల పెట్టిన. అంటే, తర్వాత పెట్టిన. గవన్నీ ఎందుకన్నా ఇప్పుడు?”

“ఆ నక్షత్రం తీసేయండి చాలు.”

“తీస్తే ఎందుకు తీసినవని అడుగుతరు గదా. కొన్నిరోజులు ఆగరాదు.”

ఆగాను. తరువాత రెండుసార్లు ఫోన్ చేస్తే ఎత్తలేదు. సందేశాలకు నీలం గుర్తులు వచ్చాయి, జవాబు రాలేదు. క్లబ్ పోటీలో ఆ పిస్తోలుతోనే ఆయన మూడో స్థానం సాధించారని వేరేవాళ్లు చెప్పారు. నన్ను ఎంతో తికమక పెట్టేది ఇదే. పిస్తోలు మంచిది. ఎంపిక సరైనది. నియమం సరైనది. పూజా తప్పు కాదు, మా ఇంట్లో పట్టకారుకూ స్క్రూడ్రైవర్లకూ నేను అదే చేస్తాను. ఇన్ని సరైనవి కలిసి ఒక తప్పు ఎలా అయిందో, అది నా ఒక్కడి తల మీదికే ఎలా వచ్చిందో ఎంత ఆలోచించినా తేలదు.

ఈ కేసు నాకు నేర్పింది ఒకటుంది. మంచి పిస్తోలు ఎంచడమంటే చేతిని చూడటం, ధర చూడటం మాత్రమే కాదు. ఇంటికి తీసుకెళ్లాక మొట్టమొదట దానితో ఏం చేస్తారో అడగాలి. బొట్టు అన్న మాట వినబడ్డప్పుడు నవ్వకుండా ఆగాలి. ‘పూజ చేస్తే గదిలో మీరొక్కరే ఉండండి, తెరిచిన స్లైడ్ మీద శుభ్రమైన గుడ్డ కప్పండి, అయిపోగానే సేఫ్‌లో పెట్టండి’ అని చెప్పాలి. ఇది చెప్పడానికి కౌంటరు కావాలి. అది నాకు లేదు.

కిరణ్ గారూ, ఈ పత్రిక మీ ఇంటికి వస్తుందని నాకు తెలుసు. మీ పౌరసత్వం వచ్చిందనీ, మిఠాయిలు పంచారనీ విన్నాను. మా ఇంటికి రాలేదు, సరే. మిమ్మల్ని ఏ కాగితం మీదా సంతకం పెట్టమనను. ఆ ఒక్క నక్షత్రం తీసేయండి. రిపేరు పుస్తకంలో ‘కారణం’ గడి ఇంకా ఖాళీగానే ఉంది. అందులో మీ పేరు రాయాలా, నా పేరు రాయాలా, గింజ వేసిన పెద్దవాళ్ల పేరు రాయాలా? నా నంబరు మారలేదు. ఇప్పటికైనా ఫోన్ చేసి జవాబు చెప్పండి.