మొదటి సీసాలోని కర్బనం

పరిశోధనలో చేరిన ఆ కొత్తల్లో నాకు అందరి మీదా అనుమానం ఉండేది, ఒక్క నా మీద తప్ప. పాలకీడు దాటాక కృష్ణకు కట్టిన డ్యామ్ వెనక నిలిచిన నీళ్లలోకి కర్బనం ఎక్కణ్ణుంచి వస్తోందో తేల్చడం నా పని. పొలాల మట్టి నుంచా, నాచు నుంచా, ఊళ్ల మురుగు నుంచా అని. నెలకోసారి మిర్యాలగూడలో డబ్బా నిండా ఐసు వేయించుకుని నేరేడుచర్ల మీదుగా షేర్ ఆటోలో వెళ్లేవాణ్ణి. (దారిలో ఎక్కిన ఆడవాళ్లు "తమ్మీ, కుల్ఫీలున్నయా?" అనేవారు. నీళ్ల పరీక్ష కోసమని చెప్తే "అయ్యో, కరిగిపోయినయా?" అనేవారు.)

నన్ను నీళ్ల మీద తిప్పే పుట్టి నడిపేది పెద్దయ్య. చేపలు పట్టుకుని బతికే మనిషి. నన్ను సారూ అంటూనే నువ్వు అనేవాడు. ఎనిమిది చోట్ల ఎనిమిది సీసాలు ముంచేవాణ్ణి. ప్రతి నెలా మొదటి సీసాలోనే కర్బనం మిగతావాటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ తేలేది. ఆ చోటికి దగ్గర్లో ఒక వాగు కలుస్తుంది. వాగు పైన రైసు మిల్లులు. ఇంకేముంది! మిల్లుల మీద ఆరు పేజీలు రాశాను. సోమవారం మా ప్రొఫెసర్ దాన్ని అధికారులకు పంపితే మిల్లులకు నోటీసులు వెళ్తాయి. నన్ను ఇంకో ఏడాది ఉంచుకోవడమూ ఆ రిపోర్టు మీదే ఆధారపడి ఉంది.

పంపే ముందు చివరిసారి శనివారం వెళ్లాను. ఎప్పుడూ పుట్టి ఆగగానే తల వంచుకుని సీసా మీద తేదీ, వేళ, గాలి ఎటు వీస్తోందో రాసుకునేవాణ్ణి. ఆ రోజు పెన్ను రాయక తలెత్తాను. పెద్దయ్య తన కల్లు సీసా వంచి, నేను ముంచబోయే చోటే ధారగా పోస్తున్నాడు.

"ఏం జేస్తున్నవ్ పెద్దయ్యా!"

"గంగమ్మకు సారూ. నువ్వు నీళ్లు తీస్కపోతున్నవ్ గద. ఉత్తగ తీస్కుంటె బాగుంటదా?"

"ప్రతి నెలా పోస్తున్నవా?"

"నీకు యాదుండదని నేనే పోస్తున్న. నువ్వు మొదటి సీస ముంచే కాడ్నే పోస్త. ఎవలి పేరున పోసిన్నో తల్లికి ఎర్కుండాలె గద."

కల్లులోని చక్కెరా, మత్తూ అంతా కర్బనమే. పెద్దయ్య నా మొహం చూసి నొచ్చుకున్నాడు. "మంచి కల్లే సారూ. నీళ్లు గూడ కలపలే."

పుట్టిని దూరం జరిపించి సీసా ముంచాను. ఇకమీదట నీళ్లు పట్టాకే పోయమని బతిమాలాను. "ముందు గుంజుకొని తర్వాత ఇచ్చుడా! సరే, సదువుకున్నోనివి," అని జాలిగా చూశాడు.

సోమవారం ప్రొఫెసర్ ముందు నిలబడి అంతా చెప్పేశాను. ఆయన "తాటి కల్లా, ఈత కల్లా?" అని అడిగి, నోట్సులో రాసుకోమన్నారు. నన్ను ఉంచుకున్నారు. శనివారం దూరం జరిగి ముంచిన సీసా మిగతా ఏడింటిలాగే తేలింది.

పెద్దయ్య పోయి రెండేళ్లయింది. అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. గాలి ఎటు వీస్తోందో కూడా రాసుకున్న ఘనుణ్ణి, మూరెడు దూరంలో ఎదురుగా కూర్చున్న మనిషి నెలనెలా నా పేరున మొక్కుకుంటుంటే ఒక్కసారీ తలెత్తి చూడలేదు.