జీపీఎస్ చెప్పని లోతు

తిరుపతిలో సర్వే ఉద్యోగంలో చేరిన కొత్తలో, శేషాచలం అడవిలోని వాగులకు, వంకలకు మ్యాపు గీయమని నన్ను పంపారు. వంక నలభై అడుగుల దూరంలోనే ఉందని చేతిలోని జీపీఎస్ చెప్పింది.

“అట్ల పోవద్దు నాయనా, ఆడ దారి లేదు,” అంది మేకలు మేపుతున్న అవ్వ.

ఉపగ్రహాలకు తెలియనిది ఈవిడకు తెలుసా అని నవ్వుకుని, పొదలు తోసుకుంటూ వెళ్లాను. వంక అక్కడే ఉంది. ఎంత లోతులో ఉందో నేను అడగలేదు, జీపీఎస్ చెప్పలేదు. కాలు జారి, కొండ అంచున ఒక వేరు పట్టుకుని వేలాడాను.

అవ్వ తన కర్ర అందించి, తిడుతూనే పైకి లాగింది. “వంక యాడికీ పోదులే. సుట్టు తిరిగి పోదాం రా,” అంది.

మ్యాపు అద్భుతంగా వచ్చిందని ఆఫీసులో మెచ్చుకున్నారు. అవ్వ మేకలు మాత్రం దాన్ని ఇంకా చూడలేదు. అందుకే దారి తప్పకుండా తిరుగుతున్నాయి.