రెండు కళ్ళూ ఒకే పక్క

అరల్ సముద్రాన్ని వెళ్ళగొట్టింది మా ఊరి కోడలు ఉల్‌బోసిన్ అప్ప. పత్తి చేలకు నదుల్ని మళ్ళించారనీ, అందుకే ఎండిందనీ చదువుకున్నవాళ్ళు చెబుతారు. చెప్పనివ్వండి. కారణాలు చెప్పడానికే వాళ్ళకు జీతాలు. నేను ఏడో తరగతిలోనే బడి మానేసినవాణ్ణి కాబట్టి నాకు అసలు సంగతి తెలుసు. ఆవిడ కాపురానికి వచ్చిన నాటి నుంచీ దాన్ని ఒక్కసారైనా పేరు పెట్టి పిలవలేదు. ఎంత పెద్ద సముద్రానికైనా అభిమానమనేది ఉంటుంది. పలకరించే దిక్కులేని గుమ్మం ముందు ఎన్నాళ్ళని పడి ఉంటుంది? లేచి వెళ్ళిపోయింది.

ఎందుకు పిలవలేదంటే, ఆవిడ మామగారి పేరు తెంగిజ్‌బాయ్. తెంగిజ్ అంటే మా మాటలో సముద్రం. కోడలన్నది మామగారి పేరు నోట పలకకూడదు, పేరులో ముక్కయినా పలకకూడదు. మామ పేరులో ఉప్పు ఉంటే ఆ కోడలు బతికినన్నాళ్ళూ 'ఆ తెల్లది కాస్త ఇలా ఇవ్వండి' అనాల్సిందే. అలాంటిది, సముద్రం ఒడ్డున సముద్రం అనలేని కోడలు వచ్చి పడింది మా ఊరికి. ఆవిడ దాన్ని 'పెద్ద నీళ్ళు' అనేది.

ఊరికి ఇంతకన్నా వినోదం ఏముంటుంది? పని ఉన్నా లేకపోయినా ఆ గుమ్మం ముందు ఎవడో ఒకడు ఆగి ఆవిడ మొగుడి గురించి అడిగేవాడు.

"అప్పా, మా ఒరజ్‌గలి బావ ఎక్కడ?"

"పెద్ద నీళ్ళలోకి వెళ్ళాడు."

"పెద్ద నీళ్ళంటే ఏవి? మీ టీ కాగే సమోవార్‌లోవా?"

"సమోవార్‌లోవైతే నీకూ ఒక గిన్నెడు పోసి ఆ నోరు మూయించేదాన్ని. పోరా, నీ వల ఎలకలు కొరుకుతున్నాయి, అది చూసుకో."

ఇక ఆవిడ పేరు సంగతి. ఉల్‌బోసిన్ అంటే 'ఈసారి కొడుకు పుట్టాలి' అని. వరసగా ఆడపిల్లలే పుడుతుంటే విసుగెత్తి పెట్టే పేరు. అంటే తన పేరులో తాను లేదు, ఎదురుగా ఉన్న నీళ్ళ పేరు తన నోట్లో లేదు. అయినా ఇల్లు నిలబెట్టింది.

నీళ్ళు ఒక్కసారిగా పోలేదు. రేవులో పడవ ఎక్కేవాళ్ళం కాస్తా మోకాళ్ళ లోతు బురదలో నడిచి ఎక్కడం మొదలైంది. ఆ తరవాత బురద ఎండింది. ఎండిన చోట ఉప్పు తేలింది. గాలి లేస్తే ఆ ఉప్పు ఊరి మీదికి వచ్చి, ఆరేసిన బట్టల మీదా, చంటిపిల్లల కనురెప్పల మీదా పడేది. పడవలున్న మగవాళ్ళను చేపలు పట్టడానికి బల్ఖాష్ సరస్సుకు తీసుకుపోయారు. ఒరజ్‌గలి బావ కూడా వెళ్ళాడు. పుట్టినప్పటి నుంచీ ఈత కొట్టిన సముద్రం ఆయన్ని ఏనాడూ ముంచలేదు. పరాయి సరస్సు మొదటి శీతకాలంలోనే ముంచేసింది.

కూతురు పెళ్ళయి పట్నం వెళ్ళిపోయింది. ఇంట్లో మిగిలింది కోడలూ మామా. తెంగిజ్‌బాయ్ తాతకు అప్పటికే రెండు కళ్ళలోనూ పువ్వులు వేశాయి. తన పడవను తునాతునకలు చేసి పాత ఇనుము కింద పట్టుకుపోయారని విన్నరోజు ఆయన గోడవైపు తిరిగి పడుకుని తిండి మానేశాడు. అప్ప ఏం చెప్పి లేపిందో తెలుసా? పెద్ద నీళ్ళు కాస్త వెనక్కి జరిగాయంతే, చేపలు ఉన్నాయి, రెల్లు ఉంది, వచ్చే వసంతానికి తిరిగి వస్తాయి అని. ఆయన లేచి కూర్చుని గిన్నె అందుకున్నాడు. ఆ రోజు నుంచీ ఆ అబద్ధాన్ని కూడా రోజూ వండి పెట్టడం ఆవిడ పనైంది. అది మాడిందంటే ముసలాయన మళ్ళీ గోడవైపు తిరుగుతాడు.

ప్రతి పొద్దునా గడప మీద కూర్చుని అడిగేవాడు.

"కోడలా, సముద్రం ఏం చేస్తోంది?"

"మీ పేరుగలదానికేం మామయ్యా, మీలాగే మొండిగా కూర్చుంది."

"అలల చప్పుడు లేదే?"

"గాలి అటుది."

"నెలరోజులుగా గాలి అటుదేనా?"

"ఈ ఏడు గాలికి కూడా పెద్దా చిన్నా లేకుండా పోయింది మామయ్యా. టీ చల్లారిపోతోంది."

మిగిలిన నీళ్ళలో ఉప్పు పెరిగింది. బంగారుతీగ చేపలు ముందు పోయాయి, తక్కిన మంచినీటి చేపలు వాటి వెనకాలే పోయాయి. ఎక్కడి సముద్రం నుంచో తెచ్చి వదిలిన ఒక్క చేప మాత్రం ఆ ఉప్పులో హాయిగా బతికింది. దాని పేరు కంబాలా. రొట్టెలా బల్లపరుపుగా ఉంటుంది. ఒక పక్క గోధుమరంగు, ఇంకో పక్క తెల్లటి తెలుపు. కళ్ళు రెండూ ఒకే పక్క. మొదటిసారి వలలో పడ్డప్పుడు మావాళ్ళు దాన్ని చేప అనుకోలేదు. ఎవరో చేపను తొక్కి పారేశారనుకున్నారు. కడుపుతో ఉన్నవాళ్ళు చూడకూడదన్నారు. కుక్కకు వేస్తే అది కూడా ముందు మా మొహాలు చూసి, తరవాతే తిన్నది.

అప్ప మాత్రం పట్టింది. పడవ లేదు, పడవ నడిపే మగవాడు లేడు. ఒంటె మీద నీళ్ళ దాకా వెళ్ళి, చెప్పులు విప్పి, మోకాలి లోతులో మెల్లగా నడిచేది. కంబాలా బురదలో ఒళ్ళు దాచుకుని పడుకుంటుంది. పాదం కింద ఏదో జారినట్టయితే అదే. అలాగే తొక్కి పట్టి, వంగి చేత్తో తీయాలి. ఆవిడ పాదాలకు అవతలి ఒడ్డున కంబాలా ఆవలించినా తెలిసేదని నేను నలుగురితో పందెం కాసి గెలిచాను. ఆ పాదాలు ఉప్పుకు పగిలి రక్తం కారడం మాత్రం పందెంలో లేదు.

గొర్రె కోసినా, చేప కోసినా తల ఇంటి పెద్దకో, వచ్చిన అతిథికో పెట్టాలి మా దగ్గర. ఈ చేపకు తల పెడితే ముసలాయన వేళ్ళు ఊరుకోవు. అందుకని అప్ప తల తీసేసి వండేది.

"బంగారుతీగ పలచబడిందేమిటి కోడలా?"

"ఈ ఏడు దానికి మేత తక్కువ."

"తల ఏది?"

"పిల్లి ఎత్తుకుపోయింది."

"ఇన్ని తలలు తిన్న పిల్లి ఈపాటికి ఒంటెంత అయి ఉండాలి."

అని ముళ్ళు ఏరుకుని తినేవాడు. పుట్టు జాలరి నాలుకకు ఏ చేపో తెలియదా? నా లెక్కలో నాలుక చెప్పింది, మనిషి వినలేదు.

ఒక శరదృతువులో ఆయన చిన్ననాటి స్నేహితుడు సార్సెన్ తాత పట్నం నుంచి మోటారుసైకిల్ వెనక కూర్చుని వచ్చాడు. వచ్చినవాడు ఊరుకున్నాడా? తల లేని చేప చూసి నవ్వాడు.

"తెంగిజ్‌బాయ్, మొండెం పెట్టి అతిథిని పంపే ఇల్లయిందా నీది?"

ముసలాయన మొహం మాడిపోయింది. "కోడలా, తల తీసుకురా."

"పిల్లి..."

"పిల్లి కథ నాకు చెప్పు. అతిథికి కాదు."

అప్ప తలుపు దగ్గర చాలాసేపు నిలబడింది. నేను అప్పుడు పొయ్యిలోకి కట్టెలు ఎగదోస్తూ అక్కడే ఉన్నాను. చివరికి, తనకోసం విడిగా ఉడికించుకున్న తలను తెచ్చి పెట్టింది. సార్సెన్ తాత చూసి దిగ్గున వెనక్కి జరిగాడు. "ఇదేమిటి, సగం గుడ్డి తల!" అన్నాడు. తెంగిజ్‌బాయ్ తాత చెయ్యి చాచి ఆ తలను అందుకున్నాడు. బొటనవేలితో ఒక కన్ను తడిమాడు. దాని పక్కనే ఇంకోటి. తల తిప్పాడు. అవతలి పక్క నున్నగా, ఏమీ లేదు.

"రెల్లు ఉందా?" అని అడిగాడు.

"లేదు మామయ్యా."

"ఉండదు. ఈ చేపకు పట్టినంత ఉప్పు రెల్లుకు పట్టదు. రెల్లు లేకపోతే బంగారుతీగ గుడ్లు ఎక్కడ పెడుతుంది? గూడబాతులు?"

"లేవు."

"వాటికి తిండేది? అడవిపందులు?"

అప్ప తల అడ్డంగా ఊపింది. గుడ్డివాడికి కనిపించదని కూడా మరిచిపోయింది. ఆయనకు జవాబు అక్కర్లేకపోయింది. ఒక్క తల తడిమి ఒడ్డంతా తిరిగి వచ్చేశాడు.

"నేను ఎదురుచూసేది ఎప్పుడో చచ్చిపోయిందన్నమాట. ఇప్పుడున్నది ఇంకోటి. దానికి నా పేరెందుకు?"

గోడవైపు తిరుగుతాడనుకున్నాం. తిరగలేదు. ఆ తలను శుభ్రంగా, ఆఖరి ముల్లు దాకా తిన్నాడు. కానీ మరుసటి పొద్దున గడప మీద కూర్చుని ఏమీ అడగలేదు. ఆ తరవాత ఏ పొద్దునా అడగలేదు. మంచు పడకముందే పోయాడు. చనిపోయినవాళ్ళ మీద మా ఆడవాళ్ళు పాట కట్టి ఏడవాలి. అప్ప పేరు లేకుండానే ఏడ్చింది.

ఆ తరవాత ఆవిడకంటూ మిగిలింది ఆ చేపే. ఊరు సగం ఖాళీ అయింది. ఉన్నవాళ్ళకు కంబాలా ఎండబెట్టి అమ్మింది, వేయించి పెట్టింది. తొక్కిన చేప అని వెక్కిరించిన నోళ్ళే లొట్టలు వేశాయి. కూతురు పట్నం రమ్మంటే, "అక్కడ నా కాళ్ళకేం పని?" అంది.

ఇంతలో, ఎండి రెండుగా చీలిన సముద్రంలో ఉత్తరపు ముక్కకు అడ్డంగా కట్ట కట్టారు. నది నీళ్ళు ఆగాయి. నీళ్ళు ఊరివైపు జరిగాయి, ఉప్పు తగ్గింది, నది నుంచి బంగారుతీగలు దిగాయి. వెళ్ళినవాళ్ళు వలలు భుజాన వేసుకుని తిరిగొచ్చారు. గుర్రం కోశారు, పాడారు. ఆ సంబరంలో ఒక్క మనిషే ఖాళీ బుట్టతో వచ్చేది. పాదాల కింద ఏదీ జారడం లేదు. పొద్దున్నుంచీ నడిచినా బురద బురదే.

"ఆ వంకర చేప పీడ పోయింది అప్పా, ఇక బంగారుతీగ తిను!" అని ఒకడు ఇంత లావు చేపను ఆవిడ ఒడిలో పడేశాడు.

"బురద వాసన," అని పక్కన పెట్టింది.

నీళ్ళు మా రేవు దాకా రాలేదు. కొంత దూరంలో ఆగిపోయాయి. అప్పుడు ఊరి పెద్దలకు పాత వినోదం గుర్తొచ్చింది. వంశంలో ఇప్పుడు ఉల్‌బోసినే అందరికన్నా పెద్దది, పెద్దదానికి పేరు నిషేధం లేదు, ఇంతకాలం పిలవనిది ఇప్పుడు పిలిస్తే ఆ మిగిలిన దూరం కూడా వస్తుంది అన్నారు. సగం వేళాకోళం. మిగతా సగం ఏమిటో వాళ్ళ మొహాలు చూస్తే తెలిసేది. నా లారీ మీదే తీసుకెళ్ళాను. దారి పొడుగునా ఉప్పునేల, పాత గవ్వలు చక్రాల కింద పటపటమన్నాయి.

ఒడ్డున దిగి, చెప్పులు విప్పి, నీళ్ళలోకి నడిచింది. మేమంతా వెనక నిలబడ్డాం. ఆవిడ వంగింది, లేచింది, నోరు తెరిచింది. అంతే! తెంగిజ్ అని ఒక్క కేక వేసింది చూడండి, కొంగలు లేచాయి, నా లారీ అద్దం బీట వారింది, నీళ్ళు బారెడు ముందుకు దూకాయి. పెళ్ళిళ్ళలో ఈ ముక్క నేను చెప్పకపోతే భోజనాలకు లేవరు.

మొన్న ఒక పెళ్ళిలో ఇది చెబుతుంటే ఆవిడ నా వెనకే కూర్చుని ఉందని నాకు తెలియదు. టీ గిన్నె కింద పెట్టి, మోకాళ్ళు రుద్దుకుంటూ అంది:

"నేను దేన్నీ వెళ్ళగొట్టలేదు, దేన్నీ పిలవలేదు. నీళ్ళు నోట్లో పోసుకుని చూసి ఉమ్మేశాను. ఉప్పు చాల్లేదు. ఇక కంబాలా గుడ్డు నిలవదు."