ఖాళీ కారేజీ

మిషను తొక్కుతూ ఎక్కువసేపు కూర్చున్నానంటే ఎడమచేతి గాజుల పక్కన వాచీ చిన్నగా వణుకుతుంది. ఆ వణుకు తగిలినప్పుడల్లా నాకు షమీమక్క గొంతే వినిపిస్తుంది: "ఏమే పద్మా, లెగు!" కుడుతున్న జాకెట్టు అలాగే వదిలేసి లేస్తాను. అక్క మాచర్ల వెళ్లిపోయినా, నా మీద ఆమె పెత్తనం మాత్రం దాచేపల్లిలోనే ఉండిపోయింది.

మా సందు చివరి మెకానిక్ భార్య ఆమె. షుగరు ఉన్నవాళ్ల ఇళ్లకు తిరిగి తిండీ నడకా మార్పించడం ఆమె ఉద్యోగం. హెల్త్ కోచ్ అంటారు. నా షుగరుకు ఇన్సులిన్ సూదులు తప్పవేమోనని డాక్టరు నాతో అన్న వారమే మా ఇంటికొచ్చింది. ఈ జబ్బుతోనే మా అమ్మ కాలివేళ్లు పోయాయి. నాకూ అదే జరిగితే మిషను ఎలా తొక్కాలన్న భయంతో కుమిలిపోతున్నాను. అక్క ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. చేతికి వాచీ కట్టి, "నువ్వు నడిచిందంతా నా ఫోనులో కనపడుద్ది. నన్ను ఏమార్చాలని చూడమాక," అంది.

నడక ఎంత కష్టమో వీధిలోకి వచ్చాకే తెలిసింది. మా దగ్గర ఆడది పనిలేకుండా నడవడమన్నదే లేదు. "ఎక్కడికమ్మాయ్?" అని ఒకరు, "ఎవరికన్నా బాగాలేదా ఏంది?" అని ఇంకొకరు. సందు మలుపు తిరగకుండానే ఇంటికొచ్చి పడ్డాను. సంగతి ఫోనులో చూసి సాయంత్రమే అక్క దిగబడింది. నా గోడంతా నవ్వకుండా విని, వంటింట్లోంచి స్టీలు కారేజీ తెచ్చి చేతికిచ్చింది. "ఇది పట్టుకోని నడువు. ఎవురన్నా ఆపితే నన్నడుగు."

ఎవరూ ఆపలేదు. మొగుడికి అన్నం తీసుకెళ్తోంది కాబోలనుకున్నారు. గిన్నెలు గలగలమనకుండా లోపల గుడ్డముక్కలు కుక్కి, పొద్దునా సాయంత్రం లారీల రోడ్డు దాకా వెళ్లొచ్చేదాన్ని. చివరికి ఎదురింటి వెంకాయమ్మ పిన్ని మా ఆయన్నే నిలబెట్టి, "ఏందిరా, పూటకో కారేజీ తింటన్నావు, ఒంటికి పట్టట్లేదే!" అని నిలదీసిందట. ఆయన బిక్కమొహంతో ఇంటికొస్తే అక్కా నేనూ కడుపుబ్బ నవ్వుకున్నాం.

మళ్లీ రక్తపరీక్ష చేయించినప్పుడు డాక్టరు కాగితం తిప్పి తిప్పి చూసి, సూదులు అక్కర్లేదు, బిళ్లలు కూడా తగ్గిద్దాం అన్నారు. ఆసుపత్రి మెట్ల మీదే ఏడ్చేశాను. తోడొచ్చిన అక్క తనివితీరా ఏడవనిచ్చి, నేను అలవాటుగా వెంట తెచ్చుకున్న కారేజీని నా చేతిలోంచి లాక్కుంది.

"ఇంక చాలు. ఉత్త చేతుల్తో ఇంటికి నడువు."

"అందరూ అడుగుతారక్కా."

"అడగనీ. నీ కాళ్లు, నీ నడక. దానికింకో సాకెందుకే?"

నడిబజారులోంచి చేతులూపుకుంటూ వచ్చాను. పిన్ని అరుగు మీంచి కేకేసింది: "ఎక్కడికే?"

"ఎక్కడికీ లేదు పిన్నీ, నడుస్తన్నా!"

వీధంతా వినపడేలా చెప్పాను. అంత గర్వం నా జన్మలో ఎరగను. ఆ వారంలోనే పిన్ని కూడా చెప్పులేసుకుని నా వెంట బయల్దేరింది. ఇప్పుడు పొద్దున్నే మా వీధి ఆడవాళ్లం గుంపుగా నడుస్తాం, ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు.

ఆ కారేజీని అక్క తిరిగివ్వనేలేదు. మొన్న మిషను తొక్కుతూనే ఫోనులో అడిగితే, "ఇక్కడ మాచర్లలో ఒక పిల్ల చేతిలో తిరుగుతందే. ఆ పిల్లకు ధైర్యం వచ్చిందాకా అడగమాక," అంది. సరేనన్నాను. అంతలో వాచీ వణికింది. మిషను ఆపి, చేతులూపుకుంటూ వీధిలోకి నడిచాను.