శనిగ్రహానికి రోజ్‌మిల్కు

నలభై ఏళ్లు దాటాక, పిల్లల పాత వాచకాలు ముందేసుకుని అక్షరాలు కూడబలుక్కున్నదాన్ని నేను. ఉదయగిరి లైబ్రరీలో నాకు కావలసినవన్నీ చదివేసి, ఇప్పుడు ఆత్మకూరు లైబ్రరీ మీద పడ్డాను. అక్కడి లైబ్రేరియన్ పోయిన నెలలో గ్రహాల గురించి రంగుల బొమ్మల పుస్తకం మొదటి భాగం ఇస్తూ, "మచ్చ పడకుండా తెస్తేనే రెండో భాగం" అన్నాడు. మొదటి భాగం శని దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత ఏముందో తెలియక నాకు అన్నం సహించలేదు.

శనివారంనాడు ఐదేళ్ల మనవరాలిని వెంటబెట్టుకుని బయల్దేరాను. పుస్తకానికి న్యూస్‌పేపరు అట్ట వేశాను. బస్టాండులో పిల్లకు రోజ్‌మిల్కు కొనిచ్చాను.

ఆడవాళ్లకు టికెట్టు లేదన్నప్పటినుంచి మా బస్సు ఎక్కడమంటే ఉదయగిరి కొండ ఎక్కడమే. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేస్తే ఆ సీటు మనది. కాదనే మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. ఆరోజు తువ్వాలు తేలేదు. అందుకని మనవరాలిని ఎత్తి కిటికీలోంచి లోపలికి దోపి, వెనకాలే పుస్తకం అందించాను.

"దీన్ని సీటు మీద పెట్టు. నేనొచ్చిందాకా ఎవర్నీ కూర్చోనీబాక."

తలుపు దగ్గర మోచేతుల యుద్ధం గెలిచి నేను లోపలికి చేరేసరికి, మా సీటు పక్కన ఒక లావుపాటి ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఏంది పెద్దమ్మా, నీ మనవరాలా ఇది? కొంచెం జరగమంటే సీటంతా పాలు పోసేసినాది!"

"తడిగా ఉంటే ఎవురూ కూర్చోరు గదవ్వా" అంది మనవరాలు, ఖాళీ సీసా చూపిస్తూ.

సీటు మధ్యలో గులాబీరంగు మడుగు. మడుగులో నా మొదటి భాగం.

అయినా చదువుకున్నదాన్ని. గాలి తగిలితే తడి తొందరగా ఆవిరవుతుందని లైబ్రరీ పుస్తకమే నేర్పింది. అట్ట పీకేసి, పుస్తకం విప్పి కిటికీ గాలికి పట్టాను.

కండక్టరు చూసి, "వడియాలు గూడా తెచ్చుకోనుంటే ఆరిపోయుండేవి గదవ్వా" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఇందాక కోప్పడిన ఆమే జాలిపడి, కొంగుతో పేజీలు అద్దింది. అద్దుతూ ఒకచోట ఆగింది.

"ఏలినాటి శని అంటారే, అది ఇదేనా? చూస్తే ముచ్చటగా ఉండాదే!"

ఇక నన్ను ఆపేదెవరు? ఆ జిగట సీటు మీదే ముగ్గురం సర్దుకున్నాం. ఆత్మకూరు వచ్చేదాకా శని వలయాల గురించి చెబుతూనే ఉన్నాను.

పేజీలు ఆరాయి గానీ, అప్పడాల్లా వంకర్లు తిరిగాయి. లైబ్రేరియన్ పుస్తకం తెరిచి వాసన చూశాడు. నేను వాన మీదకు తోసేద్దామని నోరు తెరిచాను.

"నేనే పోసినా సార్" అంది మనవరాలు. "మా అవ్వ సీటు కోసం."

ఆయన శని పేజీని అరచేత్తో చదును చేశాడు. "రెండో భాగం ఇంటికివ్వనమ్మా. ఇక్కడే కూర్చుని చదువుకోండి."

అదే పదివేలనుకుని మొదలుపెట్టాను. నాలుగు పేజీలయ్యాక, ముఖం కడుక్కొచ్చేందుకు లేస్తూ, "నా కుర్చీ చూస్తుండు" అని మనవరాలికి చెప్పాను. తిరిగి వస్తుంటే, పేపరు చదవడానికి వచ్చిన పెద్దాయన ఒకరు నా కుర్చీ వెనక్కి లాగుతున్నారు. బల్ల మీద రెండో భాగం తెరిచే ఉంది. మనవరాలు నీళ్ల సీసా మూత తిప్పుతోంది.

"వొద్దు పాపా!" నాకంటే ముందు లైబ్రేరియన్ పరిగెత్తాడు. సీసా లాక్కున్నాడు. పుస్తకం తీసి, సొరుగులోని ప్లాస్టిక్ కవరు రెండు చుట్లు చుట్టి నా చేతిలో పెట్టాడు.

"ఇంటికే తీసకపోమ్మా. ఈ పిల్లను మాత్రం పుస్తకానికి కాపలా పెట్టబాక."

బయటికి రాగానే మనవరాలు నా కొంగు లాగింది. "కుర్చీ ఎవురికీ ఇయ్యలేదు గదా నేను? ఇంకో రోజ్‌మిల్కు కొనియ్యవ్వా."

కొనిచ్చాను. బస్సు రాకముందే ఆఖరి చుక్కదాకా తాగించాను.