మూతపడని కన్ను

మాది సిరిసిల్ల. బిడ్డను కోరుట్లకు ఇచ్చాము. అల్లుడు దుబాయిలో కట్టడం పనికి పోయాడు. బిడ్డ ఇంటి దగ్గర బీడీలు చుట్టేది.

ఒకసారి చూద్దామని వెళ్తే, వాడకట్టు ఆడవాళ్లతో కలిసి అరుగు మీద చుడుతూ కనిపించింది. కొంగు ఎడమ కన్ను మీదికి లాక్కుని ఉంది. నన్ను చూసి నవ్వింది. మూతి ఒక పక్కకే పోయింది. రెండో పక్క మొహం కదలలేదు.

"ఏమైందే?"

"గాలి తాకిందట అమ్మా. మొన్న పొద్దుగాల లేచేసరికి గిట్లైంది."

పక్కింటామె అందుకుంది. "కొండగట్టుకు తీస్కపో అక్కా. గుళ్లె నిద్ర చేపిస్తే గాలి అదే పోతది."

"స్వామికి మొక్కుత. ముందుగాల దాని చెవి చూపిస్త" అన్నాను.

ఆ ఎడమ చెవి చిన్నప్పటి నుంచి కారేది. ఇప్పుడు మొహం పడిపోయిందీ ఆ పక్కే. చీము ఆగితే లోపల ముదురుతుందని, కారిపోవడమే మంచిదని మా దిక్కు అందరి నమ్మకం. దూది పెట్టి ఊరుకుంటారు.

కొంగు తీసి చూశాను. కన్ను ఎర్రగా ఉంది, రెప్ప కిందికి రావడం లేదు. చేటలోని తంబాకు దుమ్మంతా అందులోనే పడుతోంది. బిడ్డ ఒళ్లోంచి చేట లాగి పక్కన పెట్టాను.

"బీడీలు తక్కువైతయి అమ్మా."

"కన్ను తక్కువైతే ఏం జేస్తవు?"

జగిత్యాలలో చెవి డాక్టరు స్కానింగు తీయించాడు. "చెవి ఎనుక బొక్కల, ఎముకల, సన్నటి దారి ఉంటది. మొకం నరం అండ్లకెళ్లే అస్తది. చెవిల రోగం ముదిరి నరాన్ని నొక్కుతంది. అది తీసేసి, బొక్క గీకి, నరానికి జాగ జేయాలె. జల్ది పట్నం తీస్కపోండ్రి. ఆలస్యమైతే నరం లేవదు" అన్నాడు.

బిడ్డ ఒప్పుకోలేదు. "ఆయన సెలవు మీద అచ్చినంక చేపిచ్చుకుంట. ఇప్పుడు తెలిస్తే పని ఇడిసిపెట్టి ఉరికస్తడు. పాస్‌పోర్టేమో కంపెనీల ఉండె. యాడ ఇరుక్కుంటడో."

ఆ సాయంత్రం అల్లుడి వీడియో ఫోన్ వచ్చింది. బిడ్డ గోడవైపు తిరిగి, మంచి పక్క మాత్రమే చూపిస్తూ మాట్లాడుతోంది. పక్కింటామె నవ్వింది. "మొగనికి సగం మొకం, మాకు సగమా?"

నేను ఫోన్ లాక్కుని బిడ్డ మొహానికి ఎదురుగా పెట్టాను. బిడ్డ ఏడ్చింది. ఏడ్చినా ఒక కన్నే మూసుకుంది.

"నాకు జెప్పకుంట ఎట్లుంటివే" అన్నాడు అల్లుడు. "అత్తమ్మా, నేనస్త."

"నువ్వచ్చి కత్తి పడుతవా? గాడనే ఉండు. నేను తీస్కపోత."

పట్నంలో పెద్ద దవాఖానలో ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన రోజు మొహం ఎట్లా ఉండేదో అట్లాగే ఉంది. బిడ్డ అద్దం బోర్లా పెట్టేసింది. నరం తేరుకోవడానికి నెలలు పడుతుందని డాక్టరు చెప్పాడు. అన్ని రోజులూ నేను కోరుట్లలోనే ఉండిపోయాను. కంట్లో మందు పోసి, పడుకునే ముందు రెప్ప మీద పట్టీ అతికించేదాన్ని. అన్నం బుగ్గలో ఇరుక్కుంటే వేలు పెట్టి తీసుకోమని కసిరేదాన్ని. బీడీల చేటను ముట్టనివ్వలేదు.

మొదట, తాగిన నీళ్లు మూతి పక్క నుంచి కారకుండా నోట్లో నిలిచాయి. తర్వాత ఒకనాడు నిద్రలో రెప్ప కిందికి దిగి ఉండడం చూశాను. లేపలేదు, అట్లాగే కూర్చుని చూశాను.

మొహం మునుపటిలా పూర్తిగా రాలేదు. నవ్వితే ఆ కన్ను దానంతట అదే సగం మూసుకుంటుంది. నరం తిరిగి పెరిగేటప్పుడు కొందరికి అట్లా అవుతుందట.

ఆపరేషన్ తర్వాత మొదటిసారి బిడ్డ ఫోన్‌లో నిండు మొహం పెట్టి నవ్వింది.

"ఏందే, దుబాయిల ఉన్నోనికి కన్ను గొడుతున్నవా?" అన్నాడు అల్లుడు.

"నవ్వితే అదే మూసుకుంటంది. నేనేం జెయ్య."

"మూసుకోని. మూసుకోవాలనే గదా గింత జేసింది. మల్లొక్కసారి నవ్వు."

వాళ్ల మధ్య నాకేం పనని లేచి లోపలికి పోయాను.